మంగతాయారు ముక్కు మీది నరం

యామిని అదిమి పట్టినంతసేపు నరం కనిపించలేదు. చెయ్యి తీయగానే మళ్ళీ వచ్చి కూర్చుంది, ఎర్రగా.

రాజమండ్రిలో డాక్టర్ మెహరున్నీసాగారి చర్మవైద్యశాలలో అది లేజర్ గది. యామిని అక్కడ పని నేర్చుకుంటున్న డాక్టరు. చదువులో పతకం తెచ్చుకున్న పిల్ల. అయినా ఇన్నాళ్ళూ మేడమ్ ఆమె చేత రోగుల ముఖాలకు చల్లటి జెల్ రాయించారు, కళ్ళకు మూతలు పెట్టించారు, అంతే. ఈ రోజే మొదటిసారి లేజర్ చేతికిచ్చారు. ఈ ముక్కు సరిగ్గా చేస్తే ఇకమీదట ఈ గది నీదే అన్నారు. చేయకపోతే ఏమిటో చెప్పలేదు. చెప్పక్కర్లేదు, మళ్ళీ జెల్లే.

ముక్కు మంగతాయారుది. మండపేట దగ్గర ఒక ఊళ్ళో మద్యం దుకాణం ఎత్తేయాలని ఆడవాళ్ళను కూడగట్టి రోడ్డు మీద కూర్చున్న మనిషి. ఆమె ముక్కుకు రెండు వైపులా సన్నటి ఎర్ర నరాలు తేలాయి. ఎండకీ వయసుకీ వచ్చినవి. ఊరు ఊరుకుంటుందా?

"నేను మైకు పట్టుకుంటే చాలు, వెనక నుంచి ఎవడో ఒకడు 'పిన్నీ, ముందు నీ సీసా దించు' అంటాడు," అని చెప్పిందామె బల్ల మీద పడుకుంటూ. "చుక్క ముట్టినదాన్ని కాదు. కాలినా ఫర్వాలేదు డాక్టరమ్మా, వచ్చే నెల సభకి ఈ ముక్కుతో నేను వెళ్ళను."

"కాలకూడదనే మేమున్నది," అన్నారు మేడమ్, మూల స్టూలు మీద కూర్చుని.

ఈ పని ఎలా జరుగుతుందో యామినికి కంఠతా వచ్చు. లేజర్ వెలుగు చర్మాన్ని దాటి వెళ్తుంది. నరంలోని రక్తం దాన్ని పీల్చుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి నరం గోడలు ముడుచుకుని అతుక్కుంటాయి. తర్వాత ఒళ్ళే దాన్ని కొద్దికొద్దిగా కరిగించుకుంటుంది. వేడి ఎక్కువైతే మాత్రం చర్మం కమిలి మచ్చ పడుతుంది. మంగతాయారుది చామనఛాయ, ఇంకా తొందరగా కములుతుంది.

అన్నీ తెలిసే యామిని పళ్ళు బిగించి, లేజర్ వెలుగు వచ్చే హ్యాండ్‌పీస్‌ను నరం మీద అదిమి పట్టి, కాలి కింది పెడల్ తొక్కింది. టక్. తీసి చూస్తే నరం అలాగే ఉంది. వేడి కొంచెం పెంచి, ఇంకాస్త గట్టిగా అదిమి, మళ్ళీ తొక్కింది.

"అమ్మాయ్, ముక్కు ఊడి నీ చేతికొచ్చేలా ఉంది," అంది మంగతాయారు.

నరం ఉంది. యామిని వేలు మళ్ళీ వేడి పెంచే మీట మీదికి వెళ్ళింది.

"ఆగు."

మేడమ్ లేచి వచ్చారు. ముక్కు మీద చల్లటి దూది అద్ది, దీపం కింద వంగి చూశారు. చర్మం తెల్లబడలేదు, బొబ్బ లేదు.

"ఇంకా పెంచితే?"

"ఈసారి తప్పకుండా పోతుంది మేడమ్. మొండి నరం."

"నరమా మొండిది?"

యామిని మీట మీంచి వేలు తీసింది.

మేడమ్ ఎడమచేతి గ్లవ్ తీసేశారు. ఆ చేతిని బల్ల అంచు మీద బోర్లా పెట్టారు. అరవై దాటిన చెయ్యి, పొట్లపాదులా నరాలు పైకి పాకి ఉన్నాయి.

"ఇది కాల్చు."

"మీ చెయ్యా మేడమ్?"

"ఇందాక ఎలా పట్టావో అలాగే పట్టు."

యామిని పట్టింది. అలాగే, గట్టిగా. కాలు పెడల్ మీదికి వెళ్ళింది.

"తొక్కేముందు, నరం ఎక్కడుందో చూపించు."

హ్యాండ్‌పీస్ కొసన చల్లటి గాజుపలక ఉంటుంది. యామిని దానిలోంచి చూసింది. కింద పాలిపోయిన చర్మం ఒక్కటే ఉంది. అంత లావు నరంలోని రక్తం కూడా నొక్కుడికి పక్కకు జరిగిపోయింది. ఇప్పుడు తొక్కితే ఆ వేడికి దొరికేది చర్మమే.

ఆమె కాలు దానంతటదే వెనక్కి వచ్చింది.

"ఏంటి, ఎవరూ మాట్లాడరే? కరెంటు పోయిందా?" అంది కళ్ళకు మూతలున్న మంగతాయారు.

"ఉందమ్మా," అన్నారు మేడమ్. యామినితో, "ఆ వైపు ఇవాళ్టికి ముట్టుకోకు. రెండోవైపు చెయ్యి," అన్నారు.

యామిని వేడిని మొదట్లో ఉన్న చోటికి దించింది. ముక్కు రెండోవైపు జెల్ రాసింది. పాల మీద మీగడ చెదరకుండా గరిటె ఆనించినట్టు హ్యాండ్‌పీస్ ఆనించింది. గాజులోంచి చూసింది. నరం ఉంది, నిండుగా, ఎర్రగా. తొక్కింది.

టక్.

నరం ఒక్క క్షణం నల్లబడి, వెలిసిపోయింది. యామిని చెయ్యి తీసి ఎదురుచూసింది. అది తిరిగి రాలేదు.

"అబ్బ, ఇది చురుక్కుమందే," అంది మంగతాయారు. "ఇందాకటిలా నొక్కనేలేదు. ఏమ్మా, మొదలెట్టావా?"

యామిని మేడమ్ వైపు చూసింది. ఆవిడ అప్పటికే తలుపు దగ్గరున్నారు.

"ఇప్పుడే మొదలెట్టిందమ్మా," అన్నారు. బయటికి వెళ్ళి తలుపు వేశారు.