ఆదెమ్మ కొసరు

అబ్బా, ఉండవే బుజ్జీ, నడుం వాల్చనీ. పొద్దుట్నుంచీ చాకిరీతో ఒళ్ళు హూనమైపోయింది. కథ చెప్పందే నిద్రపోవు కదా, గడుగ్గాయివి. సరే, ఊఁ కొట్టు.

అనగనగా కొండ కింద ఒక ఊరు, ఆ ఊళ్ళో ఒక ఆడపిల్లల హాస్టలు. కొండ మీది పిల్లలు అక్కడ ఉండి చదువుకునేవాళ్ళు. వాళ్ళని చూసుకునే వార్డెను సుగుణావతి. వండిపెట్టేది ఆదెమ్మ.

ఆదెమ్మది పెద్ద చెయ్యి. పిల్ల కంచం పట్టుకొస్తే చాలు, "తిను తల్లీ, ఎండిపోయావు" అని గుట్టలా అన్నం పెట్టేది. చాలత్తా అన్నా వినేది కాదు, ఇంకో గరిటె కొసరు వేసేది. పాపం, ఎంతని తింటారే? సగం తీసుకెళ్ళి పెరటి గోడ పక్కన పారబోసేవాళ్ళు. దాని మీదే కూర తొక్కలు, చిత్తుకాగితాలు, ప్లాస్టిక్ కవర్లు. ఛీ, ఒకటే కంపు! ఒకటే ఈగలు!

అప్పుడు పిల్లలకి వాంతులు పట్టుకున్నాయి. పై ఆఫీసరు ముక్కు మూసుకుని వచ్చాడు. "మళ్ళీ నేనొచ్చేసరికి ఈ కుప్ప ఉంటే హాస్టలుకి తాళం వేయిస్తా" అని వెళ్ళిపోయాడు. తాళం పడితే ఇంకేముంది, పిల్లల చదువు అక్కడితో సరి. ఇంటికెళ్ళి మేకలు కాసుకోవడమే. సుగుణావతికి బెంగ పట్టుకుంది.

ముందు చెత్తంతా తగలబెట్టించింది. ఆ పొగకి పిల్లలు దగ్గలేక చచ్చారు. ఆ తర్వాత బండికెత్తించి ఊరవతల పోయించింది. పొలంవాళ్ళు వచ్చి నానా తిట్లూ తిట్టారు. ఆ తర్వాత గొయ్యి తీయించి పూడ్పించింది. కుక్కలు తవ్వి, అంతా మళ్ళీ వాకిట్లోకి ఈడ్చుకొచ్చాయి. పాపం, ఏం చేస్తుంది? విసిగిపోయి, భోజనాల దగ్గర పిల్లల మధ్యే చతికిలబడింది.

"చిక్కిపోయారు మేడంగారూ" అంటూ ఆదెమ్మ ఆవిడకీ గుట్ట పెట్టింది. చాలు ఆదెమ్మా అంటే ఇంకో గరిటె వేసింది. సుగుణావతి సగం కూడా తినలేకపోయింది. కంచం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. కుప్ప ఎక్కణ్ణుంచి వస్తోందో అప్పుడు తెలిసింది ఆవిడకి.

"రేపట్నుంచి పిల్లలే వడ్డించుకుంటారు ఆదెమ్మా" అంది.

"నా చేతి కూడు చేదయిందా మేడంగారూ?" అని ఆదెమ్మ ఏడ్చేసింది.

"చేదెందుకవుతుంది? నీ ప్రేమంతా ఆ గోడ పక్కన కుళ్ళిపోతోంది, అదీ నా ఏడుపు."

ఆ తర్వాత అన్నం పారబోయడం తగ్గింది. తొక్కలు మట్టిలో కలిపి ఎరువు చేసి బీరపాదులకి వేశారు. కాగితాలు, కవర్లు విడిగా పెడితే పాతసామాన్ల బండివాడు పట్టుకెళ్ళాడు. ఈగలు పోయాయి, వాంతులూ పోయాయి. ఆఫీసరు వచ్చి చూసి, తాళం ఊసెత్తకుండా వెళ్ళాడు.

ఆదెమ్మ మాత్రం మూతి ముడుచుకుని వంటింట్లోనే కూర్చునేది.

అప్పుడొకనాడు పైడమ్మ అనే చిన్నపిల్ల, శుభ్రంగా నాకేసిన కంచం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అత్తా, పప్పు భలే ఉంది. అక్కడ అయిపోయింది. ఇంకొంచెం పెట్టవా?"

ఇన్నేళ్ళలో ఒక్క పిల్లా ఆదెమ్మని అడిగింది లేదే! అడిగేదాకా ఆవిడ ఆగితేగా. కళ్ళు తుడుచుకుంటూ లేచి, ఒక్క గరిటె, ఒక్కటంటే ఒక్కటే వేసింది. ఆ పిల్ల అక్కడే నిలబడి, మెతుకు మిగల్చకుండా తినేసింది.

కథ కంచి చేరింది, కన్ను నిద్ర కోరింది.