కన్ను తెరవని వేగు

భగవంతుణ్ణి తలుచుకుని మొదలుపెడుతున్నాను. పిల్లలూ, ముందుకు జరగండి. అమ్మలూ, మీరు ఊఁ కొట్టండి. అనగనగా రెండు కొండల నడుమ ఒక రాజ్యం. దాన్ని నరసభూపతి అనే రాజు ఏలుతున్నాడు.

ఆయన దగ్గర తిప్పన్న అనే వేగు ఉండేవాడు. వేగు అంటే తెలుసు కదా? పొరుగు రాజ్యంలో మారువేషంతో మసలుతూ, అక్కడి గుట్టు మనకు పంపేవాడు. వాడి పని ఎవరికీ తెలియకూడదు. కన్నతల్లికి కూడా తెలియకూడదు. అందుకే తిప్పన్న ఒకనాటి తెల్లవారుజామున చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

ఊరు ఊరుకుంటుందా? "యుద్ధానికి జడిసి పారిపోయాడు" అంది. తల్లి ఓబులమ్మ నీళ్ళకు వస్తే, "వీరమాత వచ్చింది, దారివ్వండర్రా!" అని నవ్వేవాళ్ళు. ఆమె తల వంచుకుని కడవ నింపుకునేది.

తిప్పన్న పొరుగురాజు గుర్రపుశాలలో గడ్డి మోస్తూ ఏళ్ళ తరబడి బతికాడు. ఒకనాడు, దండయాత్రల కాలం కాకపోయినా, గుర్రాలన్నింటికీ కొత్త నాడాలు కొట్టడం చూశాడు. మన మీదికి దండెత్తబోతున్నారని పోల్చుకున్నాడు. కబురు పంపాడు. మనవాళ్ళు కొండల నడుమ కనుమదారి మూసేశారు. యుద్ధమే రాలేదు. కానీ తిప్పన్న దొరికిపోయాడు. "నువ్వెవరి మనిషివి?" అని హింసించి అడిగారు. చెబితే యుద్ధానికి సాకు దొరుకుతుంది. ఆయన నోరు విప్పలేదు. అలాగే ప్రాణం విడిచాడు.

కొన్నాళ్ళకు సంధి కుదిరింది. ఇక దాచే పని లేదు. రాజు, తోలుబొమ్మలాట ఆడించే హనుమోజీని పిలిపించి సంగతంతా చెప్పాడు.

"హనుమోజీ, ఓబులమ్మ పండుటాకులా ఉంది. ఆమె కన్ను మూసేలోగా ఆమె బిడ్డ ఎలాంటివాడో ఈ ఊరికి తెలియాలి. ఊరి నడుమ కూర్చుని, ఆ తల్లి తలెత్తుకుని వినాలి. నువ్వు ఆడి చూపించు. ఖజానా తెరిచే ఉంటుంది."

హనుమోజీ మంచివాడే నాయనా. చేయి తిరిగినవాడు. కానీ ఖజానా అన్న మాట చెవిన పడేసరికి అతని బుర్ర తిరిగింది.

మొదట ఊళ్ళో ఎన్నడూ చూడనంత పెద్ద తెర కుట్టించాడు. తరువాత ఏనుగుల బొమ్మలు, ఓడల బొమ్మలు, ఏడు దేశాల కోటల బొమ్మలు కోయించాడు. అదీ చాలక బాణసంచా పేల్చేవాళ్ళను బండ్ల మీద దింపించాడు.

అతని భార్య రాఘవ్వ వెనక నుంచి పాట పాడేది. ఆమె ఉండబట్టలేక అడిగింది.

"ఏమయ్యో, తిప్పన్న ఏడు దేశాలు ఎప్పుడు తిరిగాడు? ఒక్క గుర్రపుశాలలోనే ఉన్నాడన్నావు!"

"గుర్రపుశాలలో గడ్డి మోస్తే ఎవరు చూస్తారే?"

"పోనీ, వేగు అన్నవాడు ఎవరి కంటా పడకూడదు కదా? నీ ఆటలో తిప్పన్న అడుగు పెట్టిన చోటల్లా ఊరు అంటుకుంటోంది!"

"ఓసి నీ అనుమానాలు! జనానికి అదే కావాలి."

"మరి కథ ఎప్పుడు నడుస్తుంది?"

"ముందు ఏనుగులు నడవనీవే. కథ వెనకాలే వస్తుంది."

కడపటి ఘట్టం కట్టవలసి వచ్చింది. తిప్పన్న చనిపోవాలి. హనుమోజీ గడ్డం గోక్కున్నాడు. "ఇంత హడావుడి చేసి, చివర్లో ఏడిపించి పంపిస్తే జనం మొహం చిట్లిస్తారు" అన్నాడు. అందుకని బొమ్మ చేత వందమందిని చంపించి, గరుడపక్షి మీద ఎక్కించి ఎగరేసేలా ఆట కట్టాడు.

ఆట నాడు దీపాలు పెట్టే వేళకు ఊరంతా చేరింది. ఓబులమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు. మద్దెల మోగింది. తెర వెనక ఆటగాళ్ళు తొక్కే చెక్కలు దడదడలాడాయి. తిప్పన్న బొమ్మ దూకింది, ఎగిరింది, పల్టీ కొట్టింది. బాణాల వాన కురిసినా ఒక్కటీ తగల్లేదు. జనం ఈలలు వేశారు. రాజు ముఖం మాత్రం వాడిపోయింది.

ఆట అయ్యాక ఓబులమ్మ మెల్లగా తెర వెనక్కి వచ్చింది.

"నాయనా, మావాడు చామనచాయ. ఆ బంగారు రంగు బొమ్మ మావాడేనా?"

"చీకట్లో మెరవాలని అలా వేశానమ్మా" అన్నాడు హనుమోజీ.

"మరి వాడికి కన్ను లేదేమయ్యా?"

హనుమోజీ గబుక్కున బొమ్మను దీపం ముందు పట్టాడు. నిజమే. కన్ను లేదు! బొమ్మలాటవాళ్ళకు ఒక ఆచారం ఉంది. బొమ్మ అంతా కోశాక, స్నానం చేసి, దేవుడి దగ్గర దీపం వెలిగించి, పెద్దవాడు తన చేత్తో కట్టకడపట కంటి రంధ్రం తెరుస్తాడు. అప్పుడే తోలుకు ప్రాణం వస్తుందని వాళ్ళ నమ్మకం. ఏనుగులకు తెరిచాడు. గుర్రాలకు తెరిచాడు. తిప్పన్నకు రేపు, రేపు అనుకుంటూ మరిచిపోయాడు. ఆ బొమ్మ తెర మీద ఒక్క క్షణం నిలబడి ఉంటే ఊరంతా పట్టేసేది. అది నిలబడితేగా!

ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మూడో మాట అడిగింది.

"అన్ని గండాలూ దాటి బతికాడు కదా నాయనా. మరి ఇంటికెందుకు రాలేదు?"

హనుమోజీ బొమ్మను దీపం ముందు నుంచి తీసేశాడు. బయట జనం మాటలు వినబడుతున్నాయి. "చూశావా, బతికే ఉన్నాడట! పక్షి మీద ఊరేగుతున్నాడు గానీ, ముసలితల్లి గుర్తు రాలేదు!" నిన్నటిదాకా పిరికివాడు. ఇవాళ్టి నుంచి తల్లిని వదిలేసినవాడు కూడా.

మర్నాడు రాజు దండోరా వేయించాడు. "తిప్పన్న దేశం కోసం మరణించాడహో!" జనం నవ్వారు. "మా కళ్ళతో చూశాంగా. హాయిగా ఎగిరిపోయాడు."

హనుమోజీ కొత్త తోలు తెచ్చి ఒకే ఒక్క బొమ్మ కోశాడు. చామనచాయ బొమ్మ, నెత్తిన గడ్డిమోపు. దేవుడి ముందు కన్నీళ్ళతో కన్ను తెరిచాడు. "ఈసారి జరిగింది జరిగినట్టు ఆడతాను, రండి" అని ఇంటింటికీ తిరిగాడు.

"ఏనుగులున్నాయా?"

"లేవయ్యా."

"బాణసంచా?"

"లేదు."

"అయితే నువ్వే చూసుకో మామా!"

ఎవరూ రాలేదు. ఓబులమ్మ మంచం పట్టిందని తెలిసి, హనుమోజీ ఆమె గుడిసె ముందే పాత పంచె తెర కట్టాడు. రాఘవ్వ చిన్న గొంతుతో పాడింది. తిప్పన్న గడ్డి మోశాడు. నాడాలు చూశాడు. కబురు పంపాడు. పట్టుబడ్డాడు. "ఎవరి మనిషివి?" అన్నప్పుడు మద్దెల ఆగిపోయింది. బొమ్మ కదలకుండా, మాట్లాడకుండా నిలబడింది. తరువాత మెల్లగా ఒరిగింది.

"నా తండ్రీ!" అని ఓబులమ్మ గొల్లుమంది. ఇన్నేళ్ళూ బిడ్డ కోసం ఏడవడానికి కూడా సిగ్గుపడిన తల్లి. ఆ రాత్రి కడుపారా ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని అడిగింది. "నాకు తెలిసింది, చాలు నాయనా. మరి ఊరికి?"

నాలుగు దినాలకే ఆమె స్వామి పాదాలు చేరింది. పాడె మోస్తూ ఊరివాళ్ళు అనుకుంటున్నారు. "ఎక్కడో కొడుకు ఉండి కూడా తలకొరివికి దిక్కు లేకపోయింది, పాపం."

హనుమోజీ అడ్డం వెళ్ళి, "లేదయ్యా! తిప్పన్న చనిపోయాడు! మన కోసమే చనిపోయాడు!" అని అరిచాడు.

వాళ్ళు ఆగను కూడా ఆగలేదు. "చూశాంలేవయ్యా" అన్నారు. "నువ్వు ఆడించిందే కదా!"

కాబట్టి బిడ్డలూ, ఎంత సొమ్ము పోసి ఎంత ఆర్భాటం చేసినా, ఎవరి గురించి చెప్పాలో ఆ మనిషిని మరిచిన కథ అతణ్ణి రెండోసారి చంపుతుంది.