జీడిచెట్టు దాచుకున్న పిక్క

ఒకప్పుడు జీడిపిక్క ఇప్పట్లా పండుకి బయట వేలాడేది కాదు. మామిడి టెంకలాగే పండు కడుపులో ఉండేది. పైన పల్చటి తొక్క, లోపల పాలలాంటి పప్పు. పండేమో పసుపురంగులో తియ్యగా ఉండేది. ఆ పిక్క పేరు చెబితే కొండమీద ఉడతలన్నిటికీ నోరూరేది. ఆ సంగతి తెలిసే జీడిచెట్టుకి కాస్త టెక్కు.

ఆ కొండ దగ్గర ఏటా కొత్తల పండగ చేసేవాళ్లు. తొలికాపు కొండదేవుడు తిన్నాకే ఎవరైనా నోట పెట్టాలి. కాకి కూడా అంతవరకూ ఆగేది. నమ్మరా? ఆరోజుల్లో కాకికీ బుద్ధుండేది మరి.

తొలికాపు మోసుకెళ్లే పని నూకమ్మ అనే ముసలమ్మది. ఆ ఏడు కూడా బుట్ట పట్టుకుని చెట్టు చెట్టు దగ్గరా ఆగింది.

"నీకాడున్న దాంట్లో మంచిదియ్యమ్మా. దేవుడు ఎదురు సూస్తన్నాడు" అంది.

మామిడి తన చిటారుకొమ్మ పండు ఇచ్చింది. పనస మొదట్లో కాసిన పెద్దకాయ ఇచ్చింది. ఈతచెట్టు మాత్రం తెగ మొహమాటపడింది.

"నా పండులో తోలూ పిక్కా తప్ప ఏముందవ్వా? ఒక్క గెలే కాసింది. మొత్తం పట్టుకెళ్లు" అంది.

జీడిచెట్టు ఇదంతా చూసింది. "ఇంత మంచి పిక్క ఇచ్చేస్తే మళ్లీ వస్తుందా? దేవుడికి పండు చాలదూ? పొట్ట విప్పి చూస్తాడా ఏంటి!" అనుకుంది.

గుట్టుగా పిక్క లాగేసి తొర్రలో దాచుకుంది. ఉత్త పండు నూకమ్మ బుట్టలో పడేసింది.

నూకమ్మ కొండెక్కింది. జీడిచెట్టు హాయిగా ఊగుతూ కూర్చుంది. మధ్యాహ్నం ఎండ మాడ్చేస్తుంటే నూకమ్మ దిగి వచ్చింది. నెత్తిన కుండ ఉంది. రొప్పుకుంటూ నేరుగా జీడిచెట్టు దగ్గరికే వచ్చింది.

"ఏంటవ్వా, ఆ నీళ్లు?" అంది చెట్టు.

"నీకేనమ్మా. దేవుడు తన ఊటలోంచి ముంచి ఇచ్చినాడు. నీ పండు ఇప్పి సూసి, లోపల పిక్క నేదని ఎంత బాదపడ్డాడో! 'పాపం, దీనికి ఈ ఏడు పిక్క పట్టనేదు. అయినా ఉన్నదంతా నాకే ఇచ్చీసింది. బేగెల్లి నీల్లు పొయ్యి' అన్నాడు."

అని నూకమ్మ ఆ చల్లటి నీళ్లన్నీ మొదట్లో పోసింది.

జీడిచెట్టుకి, దేవుడు తిట్టినా బాగుండుననిపించింది. దాని గొంతు పట్టేసింది. సిగ్గుతో దాని పళ్లన్నీ ఎర్రబడిపోయాయి.

"అవ్వా, నాకు పిక్క ఉంది. దాచుకున్నాను" అంది చివరికి. "ఇదిగో, ఇప్పుడు పట్టుకెళ్లు."

నూకమ్మ ఆ పిక్క వంక చూసింది. తన తడిసిన చీర వంక చూసుకుంది.

"దేవుడు తినీసి లెగిసిపోనాడమ్మా. ఇంక మల్లీ ఏడాదికే" అంది. ఉత్త కుండ చంకనేసుకుని వెళ్లిపోయింది.

జీడిచెట్టు ఈతచెట్టు వైపు చూడలేకపోయింది. దాచుకున్న పిక్కని మళ్లీ తొర్రలో పెట్టుకుంటే నిప్పులా మండింది. ఏడాదంతా అలా మండుతూనే ఉంది. మండి మండి దాని తొక్క మందంగా అయింది. లోపల ఘాటైన జీడి ఊరింది.

మళ్లీ కాపు కాలం వచ్చింది. ఇంకా ఏ చెట్టూ కాయ పండించలేదు. జీడిచెట్టు మాత్రం పూత రాలీ రాలకముందే నూకమ్మని కేకేసింది. కొమ్మ చివర పచ్చటి పిక్క ఒకటి ముక్కులా బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"ఇదేటే, పండు కాయకుండానే పిక్క ఇచ్చీస్తన్నావు?" అంది నూకమ్మ.

"పండు సంగతి తరవాత చూద్దాం అవ్వా. ముందు ఇది పట్టుకెళ్లు."

నూకమ్మ కొండెక్కి దిగి వచ్చింది. దేవుడు ఏమన్నాడని అడగడానికి జీడిచెట్టుకి మొహం చెల్లలేదు. తల వంచుకుని అలాగే నిలబడిపోయింది.

అప్పటినుంచే జీడిచెట్టుకి ముందు పిక్క వస్తుంది, పండు ఆ తరవాతే ఊరుతుంది. పిక్కని కడుపులో దాచుకోదు, అందరికీ కనబడేలా బయటే వేలాడదీస్తుంది. పండు మాత్రం ఈరోజుకీ ఎర్రబడుతూనే ఉంటుంది. కొరికి చూడండి, మీ గొంతూ పట్టేస్తుంది.