మేత నిన్ను తినేస్తది

కొల్లేటి వైపు కాలవ గట్టు మీద ఒక కోళ్ల దొడ్డి. అక్కడి వాళ్లు బాతు గుడ్లను కోడిపెట్ట కింద పెట్టి పొదిగిస్తారు, బాతుకి కుదురుగా కూర్చోవడం చేతకాదు కనక. ఒక ఏడు కోతలయ్యాక, చేలో రాలిన గింజలు ఏరుకు తినడానికి బాతుల మంద దిగింది. అందులో ఒక గుడ్డు పర్లమ్మ అనే పెట్ట కిందికి చేరింది. మంద వెళ్లిపోయిన రోజున కొల్లయ్య అనే మగబాతు మాత్రం కదల్లేదు. "నా బిడ్డ ఇక్కడుంటే నేనెక్కడికి పోతాను?" అని దొడ్డిలోనే ఉండిపోయాడు. గుడ్డు చిట్లింది. గవ్వ పుట్టింది.

అమ్మది కోడి మాట, నాన్నది బాతు మాట. గవ్వ కోడి మాటలో మొదలెట్టి బాతు మాటలో ముగించేది. వింటే ఎవరికైనా ముద్దొచ్చేది, ఆ దొడ్డికి తనే పెద్దననుకునే సీమకోడికి తప్ప.

కాలవ అవతల తుంగలో ఒక నక్క ఉండేది. ఏళ్ల తరబడి కోళ్ల గూళ్ల వెనక పొంచి, కోడి మాటను గొంతుతో సహా పట్టేసింది. పర్లమ్మలా పిలిచి గవ్వను గట్టెక్కించి, గుటుక్కుమనిపించాలని దాని ఆశ. కానీ కొల్లయ్య బాతు మాటలో ఒక్క కేకేస్తే చాలు, పిల్ల నీళ్లలో మునిగి మాయమయ్యేది. ఆ మాటే పిల్లకు రాకుండా చేస్తే పోలా? నక్క చీకట్లో తడిక వెనక దాక్కుని, కాలవ అవతలి పెద్దమనిషినని చెప్పి, కోడి మాటలో సీమకోడి చెవిలో ఊదింది.

మర్నాడు సీమకోడి మెడ ఉబ్బించుకుని వచ్చింది. "చూడు పర్లమ్మా, నీ కూతురు రెంటికీ చెడ్డ రేవడి అవుతోంది. కోళ్ల దొడ్డిలో బతికే పిల్లకి బాతు మాట దేనికే?"

"ఎవరన్నారండీ అలాగని?"

"కాలవ అవతల ఒక పెద్దమనిషి. బాగా తెలిసినాయన."

ఆ సాయంత్రం కొల్లయ్య తల వంచుకుని అన్నాడు. "పోనీలే పర్లా. రేపట్నుంచి నేను పిల్లతో మాట్లాడను. నా మూలంగా దాని నోరు పాడవడం ఎందుకు?"

పర్లమ్మకు కళ్లనీళ్లు తిరిగాయి. "మందంతా పోతుంటే దీని కోసం ఆగిపోయావు. దానికి నీ మాట కూడా లేకపోతే ఇంక నీకేం మిగుల్తుందయ్యా? నువ్వు మానొద్దు. నేనే బాతు మాట నేర్చుకుంటాను."

"ఈ వయసులోనా?"

"నీళ్లంటే హడలిపోయే దాన్ని, రోజూ పిల్ల ఈదుతుంటే గట్టు మీద నిలబడ్డం నేర్చుకోలేదూ? ఇదీ అంతే."

ఏమాటకామాటే చెప్పుకోవాలి, అలాంటి తల్లికి దణ్ణం పెట్టాలి. నేర్చుకుంది, కానీ అన్నీ తప్పులే. పొద్దువాలితే గట్టు మీద నిలబడి, "గవ్వా, వచ్చెయ్! మేత నిన్ను తినేస్తది!" అని బాతు మాటలో కేకేసేది. సీమకోడి పగలబడి నవ్వేది.

"మేత నన్ను తినదమ్మా, నేనే మేతను తింటాను," అని గవ్వ దిద్దేది.

"ఆ, అదేలే," అనేది పర్లమ్మ. మర్నాడు మళ్లీ మేతే పిల్లను తినేది. కొన్నాళ్లకు గవ్వ దిద్దడం మానేసింది. ఆ పిలుపు లేనిదే దానికి మేత రుచించేది కాదు.

"వాళ్లు మాననే లేదు. పైగా తల్లి కూడా బాతు మాట మొదలెట్టింది," అని సీమకోడి ఆ పెద్దమనిషికి కబురు మోసింది. నక్క పట్టుదల మాత్రం తక్కువదా? పక్క ఊరి చేలల్లో దిగిన బాతుల మంద దగ్గర నెల్లాళ్లు నక్కి కూర్చుంది. ఒక్క తప్పు లేకుండా బాతు మాట కూడా నేర్చేసింది.

ఒక మధ్యాహ్నం కొల్లయ్య కాలవ మలుపులో మేస్తున్నాడు. పర్లమ్మ దొడ్డిలో గుడ్ల మీద ఉంది. గవ్వ ఒక్కతే ఈదుతోంది. ఇవతలి గట్టు తుంగలోంచి కోడి మాటలో అచ్చం అమ్మ గొంతు.

"గవ్వా, ఇటు రా తల్లీ!"

గవ్వ గట్టు దాకా వచ్చేసింది. నీళ్లలో ఉంటే బాతు మాటే వస్తుంది దానికి. "ఎందుకమ్మా?" అంది.

తుంగలోంచి బాతు మాటలోనే జవాబు వచ్చింది. "పైకొచ్చెయ్యి తల్లీ, మేత తిందువుగాని."

గవ్వ కాళ్లు ఆగిపోయాయి. మా అమ్మయితే మేతే నన్ను తినాలి కదా! ఇంత చక్కగా మాట్లాడేది మా అమ్మ కాదు.

చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి గుర్రపుడెక్క మీదికి ఎక్కింది. నీళ్లు కనపడకుండా అల్లుకుని, అచ్చం పచ్చికలా ఉంది అది. పిల్లబాతు బరువు దానికో లెక్కా? అక్కణ్నుంచి కోడి మాటలో మూలిగింది. "అమ్మా, కాలు మెలిపడింది, నడవలేను. ఈ పచ్చిక మీదే ఉన్నాను, నువ్వే రా."

నోరూరిన నక్క ముందువెనకలు చూడకుండా ఒక్క దూకు దూకింది. డెక్క విడిపోయింది. నక్క పీకలదాకా దిగబడింది, నాలుగు కాళ్లకూ వేళ్లు చుట్టుకున్నాయి.

"అమ్మా, నక్క!" అని కోడి మాటలో, "నాన్నా, నక్క!" అని బాతు మాటలో రెండు కేకలేసింది గవ్వ. మలుపులోంచి కొల్లయ్య దూసుకొచ్చి నక్క నడినెత్తిన పొడిచాడు. పర్లమ్మ దొడ్డి అదిరేలా అరిచింది. ఆ గోలకు కుక్క లేచింది.

నక్క ఎలాగో అవతలి గట్టుకు పాకి, మెడలో డెక్క దండతో పరుగు లంకించుకుంది. "తప్పు లేకుండా మాట్లాడానే, ఎక్కడ దొరికిపోయాను?" అని దాని ఏడుపు.

"అయ్యో, ఈ గొంతు ఆ పెద్దమనిషిదే!" అని సీమకోడి తల రెక్కలో దూర్చుకుంది.

రొప్పుతూ గట్టు మీదికొచ్చిన పర్లమ్మ, ఆ కంగారులో కూడా బాతు మాటలోనే అడిగింది. "గవ్వా! నక్కను నువ్వు తినేశావా తల్లీ?"

గవ్వ ఏడుస్తూ నవ్వింది. ఈసారీ దిద్దలేదు. "తినేశానమ్మా!"

రెండు మాటల ఇంట్లో పెరిగిన పిల్ల రెంటికీ చెడదు. అమ్మ తప్పుల్తో నేర్చిన మాట కూడా దానికి కాపలా కాస్తుంది.