బొట్టు పెట్టిన డబ్బా

దగ్గరికి జరగండమ్మా. ఆ స్తంభానికి ఆనుకుని కునుకు తీస్తున్న పెద్దాయన్ని కూడా కాస్త లేపండి. ఇది కార్లున్నవాళ్ళ కథ. లేనివాళ్ళూ రోడ్డు దాటుతారు కనక వాళ్ళది కూడా.

పాలగుట్ట మీది ఆశ్రమంలో నిర్మలబోధ స్వామివారు ఉండేవారు. అడిగిన వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆ మహానుభావుడికి లేదు. ఒకనాటి ఉదయం కోదండపాణి అనే శిష్యుడు వచ్చి పాదాలకు మొక్కాడు. కొండకింది ఊళ్ళో అతనికి కార్ల బ్రేకుల ఫ్యాక్టరీ ఉంది.

“స్వామీ, ఇదివరకు బ్రేకులు మేమే చేసేవాళ్ళం. ఈమధ్య తయారీ బయట షెడ్డుకి ఇచ్చేశాను, చౌకని. ఆ షెడ్డువాళ్ళు ఇంకో షెడ్డుకి ఇచ్చారట. ఆ రెండోది ఎక్కడుందో నాకే తెలియదు. వాళ్ళ పనిలో లోపముంటే ఆ దోషం నాకు అంటుతుందా? మధ్యాహ్నం రెండు వందల డబ్బాలు లారీలో వెళ్ళిపోతున్నాయి. మనసులో ఏదో పీకుతోంది.”

“మరి నీ దగ్గర ఇప్పుడేం చేస్తారు?”

“డబ్బాలో పెట్టి మా పేరు అంటిస్తాం. పైన పసుపు, కుంకుమ బొట్టు. అది మాత్రం ఎవరికీ ఇవ్వలేదు స్వామీ. పొద్దున్నే స్నానం చేసి, ప్రతి డబ్బాకీ నా చేత్తో నేనే పెడతాను.”

స్వామివారు సంతోషంగా తలూపారు. “మంచి నియమం. మన జీపు కోసం నీ కొత్త బ్రేకులు నిన్ననే తెప్పించాం. పద, కిందికి వెళ్ళి నీ ఫ్యాక్టరీ చూద్దాం.”

పాలగుట్ట దారి మీలో కొందరు ఎరగరు. తొమ్మిది మలుపులు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

డ్రైవరు అప్పలకొండ జీపు తెచ్చి నిలబెట్టాడు. స్వామివారు ముందు సీట్లో కూర్చున్నారు. కోదండపాణి ఒక కాలు లోపల పెట్టి, రెండో కాలు నేలమీదే ఉంచాడు.

“నేను నడిచి దిగుతాను స్వామీ. గురువుగారి కొండ, నడిస్తే పుణ్యం.”

“వచ్చేటప్పుడు ఆటోలో వచ్చావే?”

“పుణ్యం దిగేటప్పుడే ఎక్కువని ఎవరో చెప్పారు స్వామీ.”

“ఎక్కండి బాబూ, తమరి పేరున్న బ్రేకులే కదా,” అన్నాడు అప్పలకొండ.

“అందుకేరా,” అని నోరు జారి, కోదండపాణి లోపలి కాలు కూడా బయటికి తీసేశాడు. ఆపైన గురువుగారి వంక తిరిగాడు. “తమరూ దిగండి స్వామీ, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

స్వామివారు దిగారు. ఇద్దరూ నడిచారు. జీపు తమ వెనక రావడానికి కూడా కోదండపాణి ఒప్పుకోలేదు, ముందు పంపించాడు. కొండ అడుగుకి చేరేసరికి అది వేపచెట్టు నీడలో బుద్ధిగా ఆగి ఉంది.

“ఆగిందే!”

“ఎందుకాగదు బాబూ? బండికున్నవి పాతవి. తమరు సొంతంగా చేసే రోజుల్లో కొన్నవి. కొత్తవి సీటు కింద ఉన్నాయి, బొట్టు కూడా చెరగలేదు.”

కోదండపాణి ఆ డబ్బా విప్పాడు. ఇనుముకి అతికించిన పట్టీని, చక్రాన్ని ఒరుసుకుని ఆపేదాన్ని, గోటితో గీకాడు. అరటిపండు తొక్కలా ఊడి చేతికొచ్చింది. వెంటనే ఫ్యాక్టరీకి ఫోన్ చేశాడు.

“లారీ ఆపండి. డబ్బాలన్నీ విప్పండి. ఒక్కొక్కటీ నేనొచ్చి చూస్తాను.”

“విప్పితే బొట్లు చెరిగిపోతాయి సార్,” అన్నాడు అవతల మేస్త్రీ.

“చెరగనీ.”

ఫోన్ పెట్టేసి, గురువుగారి ముందు చేతులు కట్టుకున్నాడు. “స్వామీ, దోషం ఎవరిదో తమరు చెప్పనేలేదు.”

స్వామివారు కాళ్ళ దుమ్ము దులుపుకుంటూ అన్నారు: “అడిగినవాడు జీపెక్కలేదుగా, నాయనా.”

అమ్మా, అయ్యా, తొమ్మిది మలుపులూ మరిచిపోయినా ఫర్వాలేదు. డబ్బా విప్పి గోటితో గీకి చూసి, వెళ్ళబోయే లారీని ఆపించి, తాను పెట్టిన బొట్లు తానే చెరిపించాడే, ఆ ఒక్క పని గుర్తుపెట్టుకోండి. ఇంటికెళ్ళాక ఇంకొకరికి చెప్పండి. చెప్పేముందు మీరూ ఒకసారి చేసి చూడండి.