చిట్లగుట్ట మన్నుగంపమ్మ వెలసిన వైనం

తువ్వగుంట్లపల్లె దాటి తూర్పుగా మట్టిదారి పడితే చిట్లగుట్ట కనిపిస్తుంది. గుట్టలో సగమే మిగిలింది. తక్కిన సగాన్ని ముగ్గురాయి అనే తెల్లరాయి కోసం తవ్వి తీసుకుపోయారు. గుట్టకూ చేలకూ నడుమ, ఎవరూ తవ్వని సన్నని కట్ట ఒకటి వంకరలు తిరుగుతూ సాగుతుంది. దానికి రెండు ప్రక్కలా లోతు. ఇద్దరు పక్కపక్కన నడవలేరు. కట్ట చివర, కప్పు లేని నాలుగు గోడల మధ్య, గంప ఆకారంలో ఒక రాయి ఉంది. అదే మన్నుగంపమ్మ తల్లి. ఆమెకు ముఖం లేదు, చేతులు లేవు. పసుపు కుంకుమలు గంప అంచుకే పెడతారు.

భక్తులకు ఒక మనవి. కట్ట మీద ముందు వెళ్ళేవారిని వెనక నుంచి పిలవకండి. పిలిస్తే పలుకు వస్తుంది. పలికేది మీరు పిలిచిన మనిషి కాకపోవచ్చు.

పూర్వం ఇక్కడ, దొరల ఏలుబడిలో, గోతులు లేవు. గుట్ట వాలు నుంచి ఊరి దాకా వేరుశనగ చేలు, కొర్ర చేలు ఉండేవి. గుట్టలో తెల్లరాయి ఉందని తెలిసి ఒక గని కంపెనీ గుట్టను గుత్తకు తీసుకుంది. కంపెనీ తరఫున ఏకాంబరం అనే ఏజెంటు వచ్చి గుట్ట కింద బంగళా వేసుకున్నాడు. అప్పటి నుంచి హద్దు తగాదా మొదలైంది. గుట్ట మొదట్లో వరుసగా ఉన్న నల్లగుండ్లే హద్దని ఊళ్ళో తాతల నాటి మాట. కంపెనీ పటంలో ఆ గుండ్లు లేవు.

కొలతలవారు వచ్చి రాళ్ళు పాతి వెళ్ళేవారు. తెల్లవారేసరికి ఆ రాళ్ళు జరిగి ఉండేవి, ఒకనాడు చేలలోకి, ఒకనాడు గుట్టపైకి. కంపెనీని ఊరు తిట్టింది, ఊరిని కంపెనీ తిట్టింది. కొట్టుకున్నారు. ఒకరి చెయ్యి విరిగింది, ఒకరి వామి కాలింది. కచేరీకి ఎక్కిన వ్యాజ్యం అక్కడే ఉండిపోయింది. ఇంతలో ఊరి బావుల్లో నీళ్ళు దిగిపోసాగాయి. చేలో నిలబడితే కాళ్ళ కింద నుంచి గునపాల చప్పుడు వినిపించేది. "మీరు చెప్పే ఆ నల్లగుండ్లు దాటి మీ వైపు మా గునపం పడలేదు" అని ఏకాంబరం ఒట్టు పెట్టేవాడు.

చివరకు ఊరి పెద్ద చిన్నపరెడ్డి పాతకాలపు తీర్పు ఒకటి గుర్తుచేశాడు. దాని పేరు మన్నుమోత. తగాదాలో ఉన్న నేల మన్నును గంపకెత్తుకుని, ఉపవాసమున్న మనిషి తడిబట్టలతో నడవాలి. నడిచే ముందు "ఈ మన్ను మాది, కాకుంటే నేల నన్ను మింగుగాక" అని ప్రమాణం చెయ్యాలి. అతను నడిచిన మేరే హద్దు. మధ్యలో గంప దించినా, వెనక్కి తిరిగినా ఆ పక్షం ఓడినట్టే. అందుకే వెనక నుంచి ఎవరూ పిలవకూడదు. ఏళ్ళ తగాదా ఒక్క పూటలో తేలిపోతుందంటే ఏకాంబరం కూడా సరేనన్నాడు.

మన్ను మోసే హక్కు తలారి ఇంటిది. ఆ ఇంట్లో అప్పటికి మిగిలింది ఇద్దరే, సుంకులమ్మ, ఆమె ఒక్కగానొక్క కొడుకు మద్దిలేటి. నడకకు ముందురోజు చిన్నపరెడ్డి వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చున్నాడు. మద్దిలేటి ఇంట్లో లేడు.

"సుంకులమ్మా, నీ కొడుకు నల్లగుండ్ల కాడ నిలబడితే చాలదు. గుండ్లు దాటి ఆవల ఊటగుంట దాకా పోవాల."

"ఊటగుంట గుట్టది గదా రెడ్డీ. మనది కాదే."

"మనది కాదులే. ఆ కంపెనీవానిది మాత్రం ఎట్లయితాది? బావులు ఎండిపోతాండాయి. ఆ ఊట కూడా వాని పాలైతే ఊరు ఏం తాగాల?"

"ప్రమాణం చేసేది నా బిడ్డ. అబద్ధమైతే నేల మింగేది వాన్ని, నిన్ను కాదు."

"దానికీ దారి ఉండాది. గంపలో ఆ నేల మన్ను వద్దు. మీ పెరటి మన్ను పొయ్యి. పెరడు మీదే గదా? ఈ మన్ను మాది అంటే ఇంక అబద్ధం యాడుండాది?"

ఊటగుంట దాకా నడవాలని మద్దిలేటికి రెడ్డే చెప్పుకున్నాడు. మన్ను సంగతి మాత్రం సుంకులమ్మ కొడుక్కు చెప్పలేదు. తెల్లవారి పెరట్లో కాకరపాదు పక్కన తవ్వి గంప నింపింది. ఈ మాట రాయడానికి చెయ్యి ఆడదు. బిడ్డను కాపాడుకుందామనే ఆమె ఆ మన్ను నింపింది.

నడక మిట్టమధ్యాహ్నం. మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే ఉండే వేళ. ఆ రోజు గని మూసి, పనివాళ్ళందరినీ పైకి రప్పించారు. వాళ్ళు ఒక వైపు, ఊరివాళ్ళు ఒక వైపు నిలబడ్డారు.

"ఏం పెండ్లికొడకా, తడిగుడ్డల్లో మురిసిపోతాండావే!" అని ఒక గనికూలీ కేకేశాడు. "గంప దించినాంక మా గనికి రా. దినామూ మోయిస్తాం."

"మీ గనికి నేనెందుకు రావల్ల?" అన్నాడు మద్దిలేటి. "అడక్కుండానే మీరే మా చేల కిందికి వస్తిరి గదా."

రెండు పక్షాలవారూ నవ్వారు. ఆ రోజు నవ్వు అదే ఆఖరు.

మద్దిలేటి ప్రమాణం చేసి గంప ఎత్తుకున్నాడు. నల్లగుండ్ల దాకా ఎండుటాకు మోసినంత సులువుగా నడిచాడు. గుండ్లు దాటి ఊటగుంట వైపు అడుగు వేశాడు. అప్పుడు నేల కింద గునపాల చప్పుడు మొదలైంది. పనివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కింద ఎవరూ లేరు. అందరూ పైనే ఉన్నారు. చప్పుడు మద్దిలేటి నడిచిన వైపే నడిచింది, అతను ఆగితే ఆగింది.

అతని మెడ నరాలు ఉబ్బాయి. వానల్లేక రాయిలా గట్టిపడిన నేల అది. ఆ నేలలో అతని పాదాలు బురదలోకి దిగినట్టు దిగాయి. చీలమండలు మునిగాయి. పిక్కలు మునిగాయి. అతను వెనక్కి తిరగలేదు. ముందుకే చూస్తూ అడిగాడు.

"ఏందిమా ఈ మన్ను? ఇంత బరువుండాది!"

జవాబు తెలిసింది సుంకులమ్మకూ, చిన్నపరెడ్డికీ మాత్రమే. ఆమె కదలబోతే చిన్నపరెడ్డి చెయ్యి పట్టుకున్నాడు.

"పిలవొద్దే తల్లీ. పిలిస్తే ఊరు పోతాది."

"పిలవను" అని ఆమె చెయ్యి విడిపించుకుంది. పక్కగా చుట్టి నడిచి, కొడుకు ఎదుటికి పోయి నిలబడింది. అప్పటికి అతను తొడల దాకా దిగిపోయాడు. ఆమె గంపను ఎత్తి తన నెత్తిన పెట్టుకుంది. అందరికీ వినపడేలా చెప్పింది.

"ఈ మన్ను నా పెరటిది. నేనే నింపినా. వానికి తెల్దు. నల్లగుండ్లు దాటినాంక ఒక్క అడుగు నేల కూడా మాది కాదు."

నేల మద్దిలేటి కాళ్ళను వదిలింది. అతను పాకుతూ బయటపడ్డాడు. చిన్నపరెడ్డి ఉన్నచోటే కూలబడ్డాడు. ఏకాంబరం ముందుకు వచ్చాడు.

"విన్నారు గదా! గంప చేతులు మారింది. ఊరు ఓడింది."

"ఓడితే ఓడినాం సామీ" అంది సుంకులమ్మ. "నా అబద్ధం నేను చెప్పుకున్నా. కింద తవ్వేదెవరో నువ్వు చెప్పు."

"కింద ఎవరూ లేరు. నా మనుషులంతా ఈడనే ఉన్నారు."

"మనుషులు ఈడుండారు. చప్పుడు ఆడుండాది."

ఆమె తిరిగి నల్లగుండ్ల దగ్గరకు వచ్చి, ఆ వరుస వెంబడి, అసలైన హద్దు మీద నడవసాగింది. ఆమె అడుగు తీసిన చోటల్లా చేల వైపు నేల దిగబడింది. చప్పుడు లేకుండా దిగబడింది. వేరుశనగ మొక్కలు నిలబడినవి నిలబడినట్టే లోపలికి పోయాయి. ఆ గోతుల్లో సొరంగాలు బయటపడ్డాయి. పైకప్పు కూలకుండా నిలిపిన ఆనుడు కట్టెలు, తట్టలు, ఆరిపోయిన బుడ్డిదీపాలు కనిపించాయి. ఊరి చేల కింద ఎంత దూరం తవ్వారో పట్టపగలు అందరూ చూశారు. ఆమె పాదాల కింది నేల మాత్రం నిలిచింది. అదే ఈ కట్ట.

చివరి గుండు దగ్గర దుమ్ము లేచి ఆమెను కమ్మింది. దుమ్ము అణిగాక గంప ఉంది. మనిషి లేదు. అడుగుల జాడలు గంప దాకా వెళ్ళాయి, తిరిగి రాలేదు.

"అమ్మా!" అని మద్దిలేటి కేకేశాడు.

"ఊఁ" అని పలుకు వచ్చింది. ఇంట్లో పనిలో ఉన్నప్పుడు, తలెత్తకుండా ఆమె పలికే పలుకే. అది గంప కింద నుంచి వచ్చింది.

అతను చేతులతో తవ్వాడు. ఊరివారు పారలు తెచ్చారు. ఏకాంబరం ఏమనుకున్నాడో, తన పనివాళ్ళను కూడా దింపాడు, తానూ చొక్కా విప్పి దిగాడు. మద్దిలేటి పిలిచినప్పుడల్లా ఆమె పలికింది. తవ్వినకొద్దీ ఆ పలుకు ఇంకా కిందికి జరిగింది. పొద్దు వాలేసరికి ఏదో నూతి అడుగు నుంచి వచ్చినట్టు వినపడింది. గంప అప్పటికే రాయి అయి ఉంది.

ఆ రాత్రి కొడుక్కూ ఏజెంటుకూ ఒకే కల వచ్చింది. కలలో ఆమె కనిపించలేదు, గొంతే వినిపించింది. "నా కోసం కూడా తవ్వొద్దు. నా మీద కప్పు వెయ్యొద్దు. మీది ఏదో నాకు చెప్పొద్దు. మీది కానిది ఏదో చెప్పండి."

మర్నాడు ఏకాంబరం వట్టి కాళ్ళతో వచ్చాడు. ఊరందరి ముందు గంప అంచు పట్టుకుని, చేల కింద తవ్వించిన సొరంగాలన్నీ ఎక్కడెక్కడున్నాయో ఒక్కొక్కటిగా చెప్పాడు. చిన్నపరెడ్డి తన మనుషులు జరిపిన రాళ్ళ సంగతి చెప్పాడు. చెబుతూ ఏడ్చాడు. నల్లగుండ్లే హద్దని ఇద్దరూ ఒప్పుకున్నారు. ఊట గుట్టదేనని ఊరు ఒప్పుకుంది, నీళ్ళు అందరివీ అని కంపెనీ ఒప్పుకుంది. మద్దిలేటి ఈ నాలుగు గోడలు కట్టి, బతికినంతకాలం ఇక్కడే దీపం పెట్టాడు. మళ్ళీ ఎన్నడూ ఆమెను పిలవలేదట. పిలిస్తే ఇంకా కిందికి పోతుందని భయపడ్డాడట.

నేటికీ ఈ సీమలో చేలకూ గనులకూ తగాదా వస్తే రెండు పక్షాలవారూ మిట్టమధ్యాహ్నం ఇక్కడికి వస్తారు. కాగితాలు గోడ బయట పెట్టాలి. లోపల "మాది" అనే మాట ఎవరూ అనకూడదు. ముందుగా మాది కానిది ఏదో చెప్పాలి. పోయిన జాతరకు ఉత్తరపు చేల రైతులు, ఇప్పటి కంపెనీ మేనేజరు వచ్చారు. ముందు మీరంటే ముందు మీరని ఒకరినొకరు తోసుకున్నారు. కాళ్ళ కింద ఏదో కదిలినట్టయింది. అప్పుడు పెద్దక్క అనే ముసలామె గంప అంచు ముట్టుకుంది. "మా చేని మూలనుండే వాగువంక మాది కాదు సామీ. మెల్లగా కలుపుకుంటిమి" అంది. మేనేజరు కుర్రవాడే. అతనూ గంప అంచు ముట్టుకున్నాడు. "మా పేలుళ్ళకు మీ గోడలు పగల్లేదని రాసిచ్చినాం. అది నిజం కాదు" అన్నాడు. ఆ తర్వాతే కూర్చుని హద్దు మాట్లాడుకున్నారు. పొంగలి ఒకే పంక్తిలో తిన్నారు.

పిల్లలతో వచ్చే తల్లులకు ఇక్కడ మరో మొక్కు ఉంది. పూజారి బిడ్డ నెత్తిన ఒక గంప పెడతాడు. తల్లి అందులో చెయ్యి పెట్టి, అంచులన్నీ తడిమి, "ఏమీ లేదు" అనాలి. ఊరికే అనకూడదు, తడిమి చూసే అనాలి. ఆ మాట అన్నాక బిడ్డ కట్ట మీద ముందు నడుస్తాడు, తల్లి నోరు మెదపకుండా వెనక నడుస్తుంది. అట్లా నడిచిన బిడ్డకు కాళ్ళ కింద నేల గట్టిగా నిలుస్తుంది.