మాటలు దాచే గుహ

అనగనగనగా, నోరున్న ప్రతి జంతువూ మాట్లాడే రోజుల్లో, మోదుగుకొండ అనే పెద్ద అడవి ఉండేది. ఆ అడవిలో ఒక వింత గుహ ఉండేది. అబ్బో, ఎంత వింతని! దాని లోపలికి వెళ్లి ఏం మాట్లాడినా ఆ మాటను అది దాచుకునేది. తర్వాత ఎవరు వచ్చి గుమ్మం దగ్గర కాలితో తట్టినా, దాచుకున్న మాటలన్నీ మొదటి నుంచి చివరి దాకా, ఎవరి గొంతుతో వాళ్లవి, వరసగా వినిపించేది.

అడవిలో ఎవరికి కష్టం వచ్చినా ఆ గుహలో చెప్పుకునేవారు. దారిన పోయేవాళ్లు ఆగి, విని, తోచిన ఉపాయం చెప్పి వెళ్లేవారు. దానికి ఉన్నది ఒకటే ఆచారం. గుహ ఊరుకున్నాకే మనం నోరు విప్పాలి.

వినడానికి చిన్న ఆచారమే. పాటించమంటేనే అందరికీ ఎక్కడ లేని తొందర!

వానాకాలం మొదట్లో ఒకనాడు వనమాల అనే లేడి రొప్పుతూ గుహలోకి పరుగెత్తుకొచ్చింది.

"అయ్యల్లారా, అమ్మల్లారా! నా బిడ్డ గోతిలో పడ్డాడు. ఉత్తరపు వాలులో, ఎప్పుడో వేటగాళ్లు తవ్వి వదిలేసిన గొయ్యి. వాణ్ని పైకి తీసే దారి చెప్పండి. మబ్బు కమ్ముకొస్తోంది. వాన పడితే కొండ నీళ్లన్నీ ఆ గోతిలోకే!"

అటుగా వచ్చిన ఉడుత విన్నది. "తీగ ఒకటి వదిలి చూడు వనమాలా" అంది.

వనమాల తీగ వదిలింది. లాభం లేకపోయింది. మళ్లీ గుహకు పరుగు. "గిట్టలతో తీగ పట్టుకోలేకపోతున్నాడు. ఏనుగు మామ కూడా వచ్చాడు. అంచు మీద కాలు పెట్టగానే మన్ను జలజలా రాలింది. బరువైనవాళ్లు ఎవరూ గోతి దగ్గరికి రావొద్దు, మీకు దణ్ణం పెడతాను!"

తర్వాత పందికొక్కు తాత వచ్చాడు. ఓపికగా అంతా విన్నాడు. "అమ్మా, ఆ గోతి అడుగు నుంచి నా పాత కన్నం ఒకటి ఉంది. వాలు కింద ఎర్రబండ పక్కన బయటికి తేలుతుంది. నాకైతే సరిపోతుంది కానీ నీ బిడ్డకు చాలదు. గట్టి గోళ్లున్నవాళ్లు కిందనుంచి తవ్వితే దారి పడుతుంది" అన్నాడు.

చూశారా! ఉపాయం దొరికింది. ఇక గోళ్లున్నవాళ్లు వచ్చి వింటే చాలు. కానీ ముందుగా వచ్చిందెవరు? చపలుడనే కోతి!

చపలుడు గుమ్మం తట్టాడు. "నా బిడ్డ గోతిలో పడ్డాడు" అన్నంత వరకే విన్నాడు. మిగతాది వినే తీరిక ఆయనగారికేదీ! "తీగ వదలండి, తీగ!" అని కేకేసి, ఎంత తెలివైనవాణ్నో అనుకుంటూ గంతులేస్తూ వెళ్లిపోయాడు.

వెనకే పింఛరాజు అనే నెమలి వచ్చింది. అది మధ్యలో తన ఈకలు సర్దుకుంటూ సగం విని, సగం వదిలేసింది. "అయ్యో పాపం! ఇంతకీ గొయ్యి ఎక్కడమ్మా? కాస్త వివరంగా చెబితే కదా సాయం చేసేది" అని ఎదురడిగింది.

బిడ్డకు ధైర్యం చెప్పి, ఏమైనా ఉపాయం వచ్చిందేమోనని వనమాల మళ్లీ ఆగమేఘాల మీద గుహకు వచ్చింది. అన్నీ విన్నది. దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఎక్కడో మొదటే చెప్పాను నెమలి బావా! పందికొక్కు తాత చెప్పిందే ఇక దారి. గోళ్లున్నవాళ్లెవరైనా రండి. ఎర్రబండ దగ్గరికి రండి!"

అది అలా వెళ్లిందో లేదో, రాజుగారే దయచేశారు. ప్రచండుడనే సింహం! ఆయన గుమ్మం తట్టాడు. "నా బిడ్డ గోతిలో పడ్డాడు. ఉత్తరపు వాలులో" అని వినగానే జూలు విదిలించాడు.

"చాలు, ఆపండి! రాజు రంగంలోకి దిగాడు. అడవిదున్నల మంద వెంటనే ఉత్తరపు వాలుకు వెళ్లి ఆ బిడ్డను పైకి లాగాలి. ఇది నా ఆజ్ఞ!" అని గుహ అదిరేలా గర్జించాడు.

రాజాజ్ఞ కాదనేదెవరు? అడవిదున్నలు దుమ్ము రేపుకుంటూ పరుగెత్తాయి. అంచు మీద అడుగు పెట్టాయి. ధభేలున గోతి గోడ విరిగి లోపలికి కూలింది! పిల్ల నడుము దాకా మట్టిలో కూరుకుపోయింది. తొలి చినుకు కూడా అప్పుడే పడింది.

వనమాల ఏడుస్తూ గుహకు వచ్చింది. "గోడ కూలింది. నా బిడ్డ కాళ్లు కన్నానికి కుడి పక్కన ఇరుక్కున్నాయి. తవ్వేవాళ్లు ఎడమ పక్కనుంచే తవ్వండి. లేదంటే గోళ్లు వాడికే తగులుతాయి. త్వరగా రండి!"

అప్పుడు వచ్చింది గుబురమ్మ. గుబురమ్మ అంటే ఎలుగుబంటి. వట్టి వాగుడుకాయ. అడవిలో దానికంటే తొందర నోరు ఇంకొకటి లేదు. మొదటి మాట వినగానే "తీగ" అనబోయింది. ఆచారం గుర్తొచ్చి, తన పంజానే తన నోట్లో కుక్కుకుంది!

గుహ చెబుతూ పోతోంది. తీగ పనికిరాదని విన్నది. 'హమ్మయ్య, అనలేదు' అనుకుంది. ఏనుగు సంగతి విన్నది. పందికొక్కు తాత గొంతు విన్నది. గోళ్లు! తన గోళ్లు! పుట్టలు తవ్వి తవ్వి రాటుతేలిన గోళ్లు! గుబురమ్మ ఎగిరి గంతేసింది. కాళ్లు బయటికి లాగుతున్నాయి. పరుగెత్తాలని ప్రాణం కొట్టుకుంటోంది. 'గుహ ఇంకా ఊరుకోలేదే' అని పళ్లు బిగబట్టి నిలబడింది. కోతిని విన్నది, నెమలిని విన్నది, రాజును విన్నది. చిట్టచివర వనమాల ఏడుపు విన్నది. ఎడమ పక్క!

గుహ ఊరుకుంది.

"వస్తున్నానమ్మా! ఎడమ పక్కనుంచే తవ్వుతాను!" అని అరిచి గుబురమ్మ వాలు కిందికి దొర్లినంత పని చేసింది. ఎర్రబండ పక్కన తవ్వడం మొదలుపెట్టింది. వాన జోరందుకుంది. మట్టి బురదైంది. ఒళ్లంతా బురదే! తవ్వింది, తవ్వింది. అవతల పిల్ల అరుపు వినిపించింది. ఎడమకు తిరిగి మెల్లగా, గోరు తగలకుండా మట్టి తోడింది. పిల్ల కాళ్లు విడివడ్డాయి. మెడ పట్టి ఒక్క లాగు లాగితే బిడ్డ తల్లి ముందుకొచ్చి పడ్డాడు! వెనకే కొండ నీళ్లు గోతిలోకి ధడధడా దూకాయి.

వనమాల బిడ్డ ఒళ్లంతా నాకుతూ నవ్వింది, ఏడ్చింది. అడవంతా గుహ దగ్గర పండగ చేసుకుంది. ప్రచండుడు హుందాగా వచ్చి కూర్చున్నాడు.

"చూశారా నా ఆజ్ఞ మహిమ!" అన్నాడు.

అందరూ తలలు దించుకున్నారు. గుబురమ్మ మాత్రం చేతులు కట్టుకుని, "ప్రభూ, తమరు ఒక్కసారి గుమ్మం తట్టి, చివరి దాకా వినండి" అంది.

రాజు తట్టాడు. ఈసారి కదలకుండా విన్నాడు. బరువైనవాళ్లు రావొద్దని ఆ తల్లి వేడుకోవడం విన్నాడు. గోళ్లున్నవాళ్లు రమ్మని పిలవడం విన్నాడు. వెంటనే తన గర్జన తనకే వినిపించింది. సింహం తన పంజా ఎత్తి చూసుకుంది. అడవిలో అంత పెద్ద గోళ్లు మరెవరికీ లేవు.

"వనమాలా, నువ్వు పిలిచింది నన్ను కూడానమ్మా. నీ మాట పూర్తిగా వినలేదు. బిడ్డ ప్రాణం మీదికి తెచ్చాను. నన్ను క్షమించు" అన్నాడు రాజు.

కాబట్టి పిల్లలూ, నలుగురు మాట్లాడుకునే చోటికి వెళ్లినప్పుడు మొదటి మాట నుంచి చివరి మాట దాకా తెలుసుకుని, ఆ తర్వాతే మన మాట చెప్పాలి.